వెండి వైరులో తేడా

మంథనిలో నరహరి శర్మగారి దగ్గర వేణువు నేర్చుకున్న మా అందరికీ ఆయన అలవాటు ఒకటి బాగా తెలుసు. సంగీతం గురించి ఏదైనా అడిగితే వాయించి చూపించేవారు. సంగీతం కాని విషయం అడిగితే మాత్రం ఔననీ కాదనీ చెప్పేవారు కాదు. వేణువును మెత్తటి గుడ్డతో తుడిచి పక్కన పెట్టి, తాను ఎరిగిన మనిషికి జరిగిన సంగతి ఏదో ఒకటి చెప్పేవారు. అది తమ ప్రశ్నకు జవాబో కాదో అడిగినవాళ్ళే తేల్చుకోవాలి. తేల్చుకోలేక మళ్ళీ అడిగినవాళ్ళకు ఆయన కాఫీ తెప్పించేవారు తప్ప వివరణ ఇచ్చేవారు కాదు.

ఒక ఆదివారం ఉదయం పాఠం అయిపోయాక వైదేహి ఆయన్ని ఒక మాట అడిగింది. వైదేహి కరీంనగర్‌లో డిగ్రీ కాలేజీ లెక్చరర్. పాత కచేరీల రికార్డులు వినడమంటే ఆమెకు ప్రాణం. అందుకోసమే మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కుంది. ఆ మధ్య తోటి లెక్చరర్ ఒకరింట్లో నలుగురూ కలిసి విన్నారట. ఆయన హెడ్‌ఫోన్స్‌కి మామూలు రాగి వైరు తీసేసి, వెండి తీగలు అల్లి కొసలకు బంగారు పూత వేసిన వైరు తగిలించాడు. దాని ఖరీదు హెడ్‌ఫోన్స్ ఖరీదును మించిపోయింది. విన్నవాళ్ళంతా పాటకు అడ్డుగా ఉన్న తెర తొలగిపోయిందన్నారు. తనూ అలాంటిది కొనుక్కుందామనుకుంటోంది. అంత డబ్బు ఒక వైరు మీద పెట్టడం తగునా అన్నది ఆమె ప్రశ్న.

శర్మగారు వేణువు తుడుస్తూ, నీకు ఆ తేడా వినిపించిందా అని అడిగారు.

"వినిపించిందనే అన్నానండీ," అంది వైదేహి.

ఆయన వేణువు పక్కన పెట్టి, ఓదెలు అనే మనిషి సంగతి చెప్పారు. ఆ రోజు అక్కడ ఉన్న నలుగురిలో నేనూ ఒకణ్ణి. ఆయన చెప్పినట్టే చెప్పడం నావల్ల కాదు గానీ, జరిగినదాంట్లో ఏదీ మార్చలేదు.

గోదావరికి ఇవతల ఉన్న బొగ్గు గనుల ఊళ్ళలో ఒకదానికి శర్మగారు చాలా ఏళ్ళు వారానికొకసారి వెళ్ళి, కార్మికుల కాలనీలో వేణువు పాఠం చెప్పేవారు. ఓదెలు ఆ పాఠానికి పిల్లల పక్కన కూర్చున్న పెద్దవాడు. గనిలో సర్దారు. సర్దారంటే భూమి కింద ఒక భాగానికి బాధ్యుడు. బొగ్గు పేల్చిన తరవాత అందరికంటే ముందు అతను లోపలికి వెళ్ళాలి. గాలి ఎలా ఉందో, పైకప్పు ఎలా ఉందో చూడాలి. అతను సరే అన్నాకే మిగతావాళ్ళు అక్కడ అడుగుపెడతారు.

కప్పును చూడడమంటే కంటితో చూడడం కాదు. ఇనుప మొన తొడిగిన పొడవాటి కర్రతో పైనున్న రాతిని కొట్టి వినాలి. పట్టు ఉన్న రాయి ఖంగుమంటుంది. పై పొర నుంచి విడిపోయి ఎప్పుడు పడదామా అని ఉన్న రాయి డొల్లగా, మూసిన తలుపు వెనక ఎవరో దగ్గినట్టు పలుకుతుంది. కింద పనిచేసే మనుషుల ప్రాణాలు ఆ రెండు చప్పుళ్ళ మధ్య ఉంటాయి.

ఓదెలుది గొప్ప చెవి. తంబురాలో పంచమం వెంట్రుకవాసి దిగితే శర్మగారి కంటే ముందు అతనే తల ఎత్తేవాడు. అతను సర్దారుగా ఉన్న షిఫ్టులో పని పడిందంటే కార్మికులు నిశ్చింతగా దిగేవారు.

ఆ ఊళ్ళో పళ్ళ డాక్టరు ఫణీంద్ర ఇంటి మేడ మీద పాటలు వినేవాళ్ళు కొందరు కలుసుకునేవారు. ఫణీంద్ర మంచివాడు. తనకు నచ్చినదాన్ని నలుగురికీ వినిపించాలన్న ఆత్రం తప్ప అతనిలో మరే ఉద్దేశమూ లేదు. ఓదెలు చెవి గురించి విని, అతన్నీ పిలిచాడు. చదువుకున్నవాళ్ళ మధ్య ఒక గని మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టి, నీకేమనిపించింది అని అడగడం ఓదెలుకు కొత్త. వారానికి ఒక్క రోజు దొరికే సెలవును అతను ఆ మేడ మీదే గడపసాగాడు. బోనసు వచ్చిన ఏడాది తనూ మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాడు.

ఒక రోజు ఫణీంద్ర వెండి వైరు తెప్పించాడు. ఒకే పాటను ముందు మామూలు వైరుతో, తరవాత వెండి వైరుతో ఒక్కొక్కరికీ వినిపించాడు. విన్నవాళ్ళ ముఖాలు విప్పారాయి. గొంతు చుట్టూ ఉన్న గాలి కూడా తెలుస్తోందని ఒకరు, గాయకుడు ఊపిరి తీసుకునే చోటు కనిపిస్తోందని మరొకరు అన్నారు. చివరగా ఓదెలు వంతు వచ్చింది. కళ్ళు మూసుకుని మామూలు వైరుతో విన్నాడు. వెండి వైరుతో విన్నాడు. అదే గొంతు, అదే ఊపిరి. మళ్ళీ వినిపించమని అడిగి విన్నాడు. ఏమీ మారలేదు. కళ్ళు తెరిచేసరికి అందరూ అతని వంకే చూస్తున్నారు. గని చెవి ఏమంటుందో అని ఫణీంద్ర నవ్వుతూ ముందుకు వంగి ఉన్నాడు.

"మంచిగ తెలుస్తుంది సార్," అన్నాడు ఓదెలు.

మేడంతా సంబరపడింది. అతను దిగి ఇంటికి వస్తుంటే అరికాళ్ళలో సన్నగా చెమట పట్టిందట. అప్పటికి అది భయమని అతనికి తెలియలేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకు ఓదెలు కూడా ఆ వైరు కొన్నాడు. తేడా బాగా తెలుస్తోందన్నవాడు కొనకపోతే బాగుండదన్నది ఒక కారణం. నిదానంగా ఇంట్లో కూర్చుని వింటే తనకూ వినిపించకపోతుందా అన్నది అసలు కారణం. డ్యూటీ నుంచి రాగానే స్నానం చేసి, కిటికీ తలుపులు వేసుకుని, ఒక వైరు తీసి మరొకటి తగిలించుకుంటూ కూర్చునేవాడు. పాట మొదటి చరణం దాటి వినడం మానేశాడు. అదే చరణం, మళ్ళీ అదే చరణం. భార్య సమ్మక్క అన్నం పెట్టి పిలిచి, అతను వినకపోతే దగ్గరికొచ్చి భుజం తట్టేది. భుజం మీద చెయ్యి పడగానే అతను అదిరిపడేవాడు. ఏం వెతుకుతున్నావని ఆమె ఒకసారి అడిగితే, ఏం లేదన్నాడు.

వైరులో తేడా లేదేమో అన్న ఆలోచన అతనికి రాకపోలేదు. కానీ అంతమంది చదువుకున్నవాళ్ళకు వినిపించింది తనకు వినిపించకపోతే లోపం ఎక్కడుంటుంది? అతని తండ్రి కూడా గని మనిషే. బొగ్గులో రంధ్రాలు వేసే యంత్రం దగ్గర బతుకంతా నిలబడి, చివరికి చెవులు పోగొట్టుకున్నాడు. అది ఒక్కసారిగా పోలేదు. ముందు పక్షుల చప్పుడు పోయింది. తరవాత ఆడవాళ్ళ మాటలు పోయాయి. చివరి ఏళ్ళలో అరుగు మీద కూర్చుని, ఎవరేం మాట్లాడినా నవ్వుతూ తల ఊపేవాడు. తిట్టినా ఊపేవాడు. ఇంట్లో మనిషి పోయిన వార్త చెప్పినప్పుడూ అలాగే నవ్వాడు. ఓదెలుకు ఆ నవ్వు గుర్తొచ్చేది. ఫణీంద్ర మేడ మీద తను తల ఊపినప్పుడు తన ముఖం మీద ఉన్నది ఆ నవ్వేనా అని అద్దంలో చూసుకునేవాడు.

భయం పట్టిన చెవికి నిశ్శబ్దం కూడా అనుమానంగానే ఉంటుంది. పడుకుంటే చెవుల్లో సన్నటి హోరు వినిపించేది. అది అంతకుముందు నుంచీ ఉందో, కొత్తగా వచ్చిందో తేల్చుకోలేకపోయేవాడు. గని ఆస్పత్రిలో చెవి పరీక్షకు పిలిస్తే జ్వరమని తప్పించుకున్నాడు. చెవులు పనికిరావని తేలితే సర్దారు పని పోతుంది, అది సరే. కానీ ఈపాటికే తను సరే అన్న కప్పుల కింద ఎంతమంది పనిచేశారన్న లెక్క తలుచుకుంటే అతనికి ముద్ద దిగేది కాదు.

వేణువు పాఠానికి రావడం తగ్గించాడు. వచ్చినా శ్రుతి చూసుకునేటప్పుడు తంబురా వినకుండా శర్మగారి ముఖంలోకి చూసేవాడు. ఆయన తల ఊపితే కలిసిందని, ఊపకపోతే కలవలేదని అనుకునేవాడు. ఏమైందని ఆయన అడిగితే షిఫ్టులు ఎక్కువయ్యాయన్నాడు.

మేడ మీద మాత్రం అతని పేరు పెరిగింది. వెండి వైరు గురించి కొత్తగా ఎవరొచ్చి అడిగినా, ఓదెలును అడగండి అనేవాడు ఫణీంద్ర. ఓదెలు చెప్పేవాడు. ఎలా చెప్పాలో అతనికి అలవాటైపోయింది. ఎదుటివాళ్ళు ఏ మాట కోసం చూస్తున్నారో కనిపెట్టి, గొంతు కొంచెం తగ్గించి, ఆలోచించినట్టు ఒక క్షణం ఆగి, ఆ మాట అనేవాడు. అలా అన్నాక ప్రతిసారీ ఆ భయం కాసేపు తగ్గేది. ఇంటికి వచ్చేసరికి రెట్టింపయ్యేది.

ఇక ఆ రోజు. మొదటి షిఫ్టు. పొద్దున పేల్చిన చోట బొగ్గు కుప్ప పడి ఉంది. పొగ తగ్గాక ఓదెలు కర్ర పట్టుకుని లోపలికి వెళ్ళాడు. అతని వెంట పై అధికారి, అండర్ మేనేజరు దేవీప్రసాద్ కూడా వచ్చాడు. ఆయన వయసులో చిన్నవాడు, నెమ్మదస్తుడు. తొందరపెట్టే మనిషి కాదు. వెనక కాస్త దూరంలో కొమురయ్య, నర్సింగు మరికొందరితో కూర్చుని పిలుపు కోసం చూస్తున్నారు. కొమురయ్య కప్పు కింద దుంగలు నిలబెట్టడంలో చేయి తిరిగినవాడు. ఓదెలుకు పెదనాన్న వరస. ఓదెలును మొదటిసారి గనిలోకి చెయ్యి పట్టుకుని దింపింది ఆయనే.

దేవీప్రసాద్ తన చేతి కర్రతో నడిమి కప్పును కొట్టి చూశాడు. ఖంగుమంది. ఓదెలు అటూ ఇటూ కొట్టుకుంటూ ఎడమ మూలకు వెళ్ళాడు. అక్కడ కొట్టాడు. మూసిన తలుపు వెనక ఎవరో దగ్గారు.

మళ్ళీ కొట్టాడు. ఈసారి అది దగ్గో కాదో తెలియలేదు. మూడోసారి కొట్టేసరికి చెవుల్లో తన గుండె చప్పుడే వినిపిస్తోంది. విన్నది నిజమేనా? ఏళ్ళ తరబడి విన్న చెవే, కానీ ఆ చెవి పాటలో తేడా పట్టలేనిదని అతనికి తెలుసు. లేని దగ్గు వినిపించి ఉంటుంది. ఉన్న ఖంగు వినిపించక కూడా పోయి ఉంటుంది. ఈ చెవి మాట పట్టుకుని పని ఆపితే, పైనుంచి మరొకరొచ్చి కొట్టి చూసి బాగానే ఉందంటే, అప్పుడు అందరికీ తెలిసిపోతుంది.

"బాగానే ఉన్నట్టుంది కదా ఓదెలూ?" అన్నాడు దేవీప్రసాద్, దీపం వెలుగు అతని వైపు తిప్పి.

ఓదెలు ఆలోచించినట్టు ఒక క్షణం ఆగాడు.

"మంచిగనే ఉంది సార్," అన్నాడు.

కార్మికులు లేచారు. కొమురయ్య దుంగ భుజాన వేసుకుని, పక్కనుంచి పోతూ ఓదెలు వీపు మీద చేత్తో తట్టి లోపలికి వెళ్ళాడు. అలవాటుగా దుంగలు నిలబెట్టడం ఎడమ మూల నుంచే మొదలుపెడతాడు ఆయన. ఓదెలు తరవాతి చోటు చూడడానికి కదిలాడు.

నలుగురు పక్కపక్కన నడిచేంత వెడల్పున్న ఆ చీకటి దారిలో, టోపీకి ఉన్న దీపం వెలుగు తన పాదాల ముందు పడుతుండగా, అతనికి ఇందాకటి తన గొంతే మళ్ళీ వినిపించింది. ఆ గొంతు అతనికి తెలుసు. కొంచెం తగ్గించిన గొంతు. ఒక క్షణం ఆగి పలికిన గొంతు. అది గనిలో మాట్లాడే గొంతు కాదు, మేడ మీదిది. అంతకు ముందు ఎప్పుడూ అతను ఆ గొంతును భూమి కిందికి తీసుకురాలేదు. వచ్చిందని తెలిసిన మరుక్షణం అతని అడుగు ఆగిపోయింది. గోడ పట్టుకుని నిలబడ్డాడు. బొగ్గు గోడ చల్లగా, తడిగా ఉంది. ఎక్కడో నీళ్ళ పంపు కొట్టుకుంటోంది. వెనక నుంచి సుత్తి చప్పుడు వస్తోంది. కొమురయ్య పని మొదలుపెట్టాడు.

వెనక్కి తిరిగాడు. పరుగెత్తలేదు, నడవనూ లేదు. మధ్యలో తల కప్పుకు తగిలి టోపీ పడిపోతే ఒక చేత్తో దీపం పట్టుకుని వెళ్ళాడట. దేవీప్రసాద్ ఇంకా అక్కడే ఉన్నాడు. ఓదెలు ఆయన్ని దాటి ముందుకు పోయి, అందరూ బయటికి రండ్రని కేక వేశాడు. నర్సింగూ మిగతావాళ్ళూ పారలు అక్కడే వదిలి వచ్చేశారు. గనిలో ఆ మాట వింటే ఎందుకని అడిగేవాళ్ళుండరు. దేవీప్రసాద్ మాత్రం, ఇప్పుడే బాగుందన్నావు కదా అన్నాడు.

"నాకు వినవడ్డదొకటి సార్, మీకు చెప్పిందొకటి," అన్నాడు ఓదెలు.

ఆయన ముఖం దీపం వెలుగులో తెల్లబోయింది. ఇద్దరూ లోపలికి చూశారు. కొమురయ్య ఒక్కడే ఇంకా మూలలో ఉన్నాడు. దుంగ నిలబెట్టి, దానిమీద చెక్క బిగిస్తున్నాడు. బయటికి రమ్మంటే ఆయన తల తిప్పకుండానే, నువ్వు మంచిగుందన్నాకనే కదా వచ్చినం, ఈ చెక్క బిగించి వస్తనన్నాడు. ఆ గొంతులో విసుగు లేదు, భయం అంతకన్నా లేదు. ఓదెలు మాట మీద అంత నమ్మకం ఆయనకు. ఓదెలు లోపలికి అడుగు వేశాడు. దేవీప్రసాద్ అతని చెయ్యి పట్టుకోబోయాడు. ఓదెలు విడిపించుకుని లోపలికి వెళ్ళాడు.

దీపం వెలుగులో, దుంగకు పైన, సన్నటి దుమ్ము ధార దిగుతోంది. చక్కెర జారినంత సన్నగా. దుంగ ఒకసారి మూలిగింది. ఓదెలు కొమురయ్య భుజం పట్టి గుంజాడు. ముసలాయన అప్పుడు పైకి చూశాడు. ఇద్దరూ వెనక్కి రెండడుగులు వేశారు. మూడోది పూర్తి కాలేదు. కప్పు కూలేటప్పుడు మొదట గాలి తోసేస్తుందట, చప్పుడు ఆ తరవాతే తెలుస్తుందట. ఓదెలు బోర్లా పడ్డాడు. దీపం ఆరిపోయింది.

ఆ చీకట్లో అతనికి అన్నీ వినిపించాయి. దుమ్ము రాలడం. చిన్న రాళ్ళు పెద్ద రాళ్ళ మీద దొర్లి ఆగడం. బయట నర్సింగు ఎవరెవరి పేర్లో పిలవడం. దూరంగా నీళ్ళ పంపు. తన ముఖానికి జానెడు దూరంలో కొమురయ్య ఊపిరి పీల్చి, వదలకుండా బిగబట్టడం. ఏ ఒక్క చప్పుడూ మరోదానిలో కలవలేదు. తన చెవులు ఎంత బాగా వింటున్నాయో అతనికి అప్పుడు తెలిసింది. ఆ క్షణంలో చెవులు లేకపోతే బాగుండుననుకున్నాడు. ఆ తరవాత కొమురయ్య బిగబట్టిన ఊపిరిని వదిలాడు. అది కేకలా వచ్చింది.

ఆయన కుడి పాదం రాతి కింద ఉండిపోయింది. అందరూ కలిసి గునపాలతో రాయి లేపారు. ప్రాణం దక్కింది. మడమ దక్కలేదు.

విచారణ జరిగింది. దేవీప్రసాద్ ఆ చోట తనూ కొట్టి చూశానని, తనకూ బాగానే వినిపించిందని చెప్పబోతే, ఓదెలు అడ్డుపడి ఆయన కొట్టింది నడిమి కప్పునని, మూల తనదని చెప్పాడు. తను ఏం విన్నాడో, ఏం అన్నాడో చెప్పాడు. ఎందుకలా అన్నావంటే, వెండి వైరు సంగతి మొదలుపెట్టాడు. ఎదురుగా కూర్చున్న అధికారులకు ఆ పాటల గొడవ ఇక్కడికెందుకు వచ్చిందో అర్థం కాలేదు. మనిషి అదిరిపోయి ఉన్నాడనుకున్నారు. అతన్ని చెవి పరీక్షకు పంపారు.

ఆ పరీక్షకు అతను దాదాపు సంతోషంగా వెళ్ళాడు. చెవులు పోయాయని తేలితే ఆ రోజు జరిగినదానికి ఒక కారణం దొరుకుతుంది. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించి, సన్నటి చప్పుళ్ళు ఒక్కొక్కటీ వినిపించారు. అన్నిటికీ చెయ్యి ఎత్తాడు. డాక్టరు కాగితం చూసి, గనిలో ఇన్నేళ్ళు పనిచేసిన మనిషికి ఇంత మంచి చెవులు ఉండడం తను చూడలేదని, అదృష్టవంతుడివని భుజం తట్టాడు. ఓదెలు బయటికి వచ్చి వరండాలో నేలమీద కూర్చున్నాడు. సమ్మక్క పరుగున వచ్చి, భర్త ముఖం చూసి, చెవులు పోయాయనే అనుకుంది. ఏమన్నారని అడగడానికి ధైర్యం చాలక పక్కన కూర్చుండిపోయింది.

"మంచిగనే ఉన్నయంట," అన్నాడు ఓదెలు. ఆమె దేవుడికి దండం పెట్టుకుంది.

ఫణీంద్ర మేడకు అతను చివరిసారిగా వెళ్ళి, తనకు ఏ రోజూ తేడా వినిపించలేదని అందరి ముందూ చెప్పాడు. ఫణీంద్ర బాధపడ్డాడు. తనకు మాత్రం నిజంగానే వినిపిస్తోందని, ప్రమాణం చేసి చెప్పగలనని అన్నాడు. వినిపిస్తే మీరు అనండి సార్, మీరు విన్నది మీరు అన్నారు, నేను విననిది నేను అన్నాను అని ఓదెలు జవాబిచ్చాడు. ఒకరు లేచి వెళ్ళి కిటికీ తెరిచారు.

శిక్షగా కొన్నాళ్ళు పనికి దూరంగా ఉంచిన తరవాత అతన్ని మళ్ళీ సర్దారుగానే పనిలోకి తీసుకున్నారు. అంత చెవి మరొకరికి లేదు మరి. ఇప్పుడతను కప్పు కొట్టేటప్పుడు పక్కన ఎవరినీ ఉండనివ్వడు. ఎవరినీ ఏమనుకుంటున్నారో చెప్పనివ్వడు. డొల్ల అనిపిస్తే డొల్ల అంటాడు. అతను ఆపిన చోట్లలో కొన్నిసార్లు ఏమీ పడదు. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు. భయం మాత్రం పోలేదని శర్మగారికి చెప్పాడట. రోజూ కర్ర ఎత్తే ముందు ఒకసారి ఒళ్ళంతా చల్లబడుతుందని, తన గొంతు తనకు వినిపించేదాకా అది ఏ గొంతుగా వస్తుందో తెలియదని అన్నాడట.

కొమురయ్యకు గని పైనే పని ఇచ్చారు. దిగేవాళ్ళకు దీపాలు అందించే గదిలో. ఆయన ఓదెలును ఒక్క మాట అనలేదు. నువ్వు తిరిగి రాకపోతే నేను లేనే లేనంటాడు. దీపాల గదిలో కిటికీ దగ్గర నిలబడి ఓదెలు తన నంబరు చెబుతాడు. కొమురయ్య లోపలి వరసల్లోంచి దీపం తీసుకుని వస్తాడు. ప్రతి షిఫ్టుకీ అంతే. ఆ కాస్త దూరం ఆయన నడిచి వచ్చేదాకా ఓదెలు కళ్ళు మూసుకుని నిలబడతాడట.

శర్మగారు ఇక్కడ ఆగారు. వైదేహి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంతకీ ఆ వెండి వైరులో తేడా ఉన్నట్టా లేనట్టా అని, వినపడీ వినపడకుండా అడిగింది.

"నేను వినలేదమ్మా. దాని సంగతి విన్నవాళ్ళే చెప్పాలి," అన్నారాయన. వేణువును సంచిలో పెట్టి తాడు బిగించి, లేవబోతూ ఆగి అన్నారు:

"ఆ ఊరు ఎప్పుడైనా వెళితే, దీపాల గది దగ్గర కొంచెంసేపు నిలబడి కొమురయ్య నడక విను. అందులో తేడా ఎవరికైనా వినిపిస్తుంది."